పాటగా వచ్చిన అర్జీని చదువుదాం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో మన పిల్లలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏమి వింటున్నారో పెద్దలలో చాలామందికి తెలియదు. తెలిసినవారు సైతం “అదేదో ర్యాప్ అట, గబగబా అరిచే పాట” అని కొట్టిపారేస్తున్నారు. ఉద్యోగ విరమణ తరువాత దొరికిన తీరికలో నేను వివిధ దేశాల ర్యాప్ పాటలను, వాటి అనువాదాలను దగ్గర పెట్టుకుని, శ్రద్ధగా విన్నాను. గుమాస్తాగా ఎన్నో ఏళ్ళు ప్రజల అర్జీలు చదివినవాణ్ణి గనుక నాకు కలిగిన అభిప్రాయం ఇది: తన గోడు వినే కచేరీ ఏదీ లేదనుకున్న యువకుడు రాసుకున్న అర్జీయే మంచి ర్యాప్. దానిని చదవకుండానే తిరస్కరించడం న్యాయం కాదు.

ఈ కళ పుట్టుకే అందుకు సాక్ష్యం. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, జమైకా నుండి వలస వచ్చిన కుటుంబానికి చెందిన డీజే కూల్ హెర్క్ ఒక విందులో వినిపించిన సంగీతాన్ని హిప్‌హాప్‌కు ఆరంభంగా చెబుతారు. నల్లజాతి, వలస కుటుంబాల పేద పిల్లల వద్ద ఖరీదైన వాయిద్యాలు లేవు. పాత రికార్డుల లయ, నోటిమాట మాత్రమే ఉన్నాయి. ఆ మాటలకే 2018లో కెండ్రిక్ లమార్ రూపంలో పులిట్జర్ బహుమతి లభించింది.

ముస్లిం సమాజాలలో ఈ కళ పోషించిన పాత్ర మరింత గమనించదగినది. ఇజ్రాయెల్‌లోని లోద్ పట్టణానికి చెందిన పాలస్తీనా యువకుల బృందం ‘డామ్’ అరబ్బీ, హీబ్రూ, ఇంగ్లీషు మూడింటిలోనూ పాడింది. అంటే అల్పసంఖ్యాకులు తమ బాధను తమలో తాము చెప్పుకోవడంతో ఆగక, అధికసంఖ్యాకుల భాషలో వారికే వినిపించారు. ట్యునీషియాలో ‘ఎల్ జెనరాల్’ అనే యువకుడు దేశాధ్యక్షుణ్ణి నిలదీస్తూ పాడి 2011 జనవరిలో అరెస్టయ్యాడు. కొద్దిరోజులలోనే ఆ అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయాడు. అఫ్ఘానిస్తాన్ నుండి ఇరాన్‌కు శరణార్థిగా వెళ్ళిన సోనితా అలీజాదే, సొమ్ము పుచ్చుకుని ఆడపిల్లలకు పెళ్ళి చేసే ఆచారాన్ని 2014లో తన ర్యాప్‌లో ఎండగట్టింది. ఆమె ప్రశ్న ప్రభుత్వానికి కాదు, సొంత ఇంటికే. వరకట్నాల విషయంలో మనం కూడా వినవలసిన ప్రశ్న అది.

మన దేశానికి వస్తే, ముంబై కుర్లా బస్తీ నుండి వచ్చిన నేజీ అనే నావేద్ షేక్ 2014లో వెలుగులోకి వచ్చాడు. 2019 నాటి ‘గల్లీ బాయ్’ చిత్రానికి ప్రేరణ అయినవారిలో అతడొకడు. హైదరాబాదు యువకుడు రుహాన్ అర్షద్ దక్కనీ యాసలో పాడిన ‘మియాఁ భాయ్’ పాటను కోట్లాది మంది చూశారు. కుప్పం సరిహద్దు దాటితే తమిళనాడు. అక్కడి అరక్కోణం నుండి వచ్చిన అరివు, శ్రీలంక తేయాకు తోటలలో శ్రమించిన తన అవ్వ జ్ఞాపకాలను 2021లో ‘ఎంజాయ్ ఎంజామి’ పాటగా మలచి ప్రపంచానికి వినిపించాడు.

ఇదంతా మనకు పరాయిది కాదు. లయకు మాటను జోడించి లోకవ్యవహారాన్ని ప్రశ్నించే కళ తెలుగునాట బుర్రకథగా ఉండనే ఉన్నది. కథకుడికి ఇరువైపులా ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెప్పేవారు. ఆ కళను శిఖరానికి చేర్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో జన్మించినవారు. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆ మహానుభావుని ఆత్మకథ పేరు ‘పింజారి’. తక్కువచూపుతో పిలిచిన పేరునే ఆయన తన పుస్తకానికి శీర్షిక చేసుకున్నారు. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లోను, ముస్లింవాద కవితా సంకలనం ‘జల్‌జలా’ 1998లోను వెలువడ్డాయి. ఆ గొంతుకు నేటి వారసులు మన వీధులలోనే ఉన్నారు.

మన ప్రాంతపు పిల్లలకు ఒక ప్రత్యేక సంపద ఉన్నది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు. కుప్పంలోనైతే బజారులో తమిళం, కన్నడం. దక్కనీ మాట్లాడితే అసలైన ఉర్దూ కాదని ఒకరు, తెలుగు మాట్లాడితే సాయిబుల యాస అని మరొకరు నవ్వుతారు. ఇలా రెండువైపులా హేళనకు గురైన నోటికి ర్యాప్‌లో ఆ యాసే బలమవుతుంది. కాఫియా కుదిర్చేందుకు నాలుగు భాషల మాటలు చేతిలో ఉండడం లోపం కాదు.

అభ్యంతరాలు లేకపోలేదు. సంగీతం విషయంలో ధార్మిక పండితుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. రుహాన్ అర్షద్ కూడా ధార్మిక కారణాలతోనే సంగీతానికి స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించాడు. ఆ నిర్ణయాన్ని గౌరవించవలసిందే. అయితే మాటకు వాయిద్యం తప్పనిసరి కాదు. ఖుర్ఆన్‌లోని ‘అష్‌షుఅరా’ అధ్యాయం దారితప్పిన కవులను విమర్శిస్తూనే, విశ్వసించి, సత్కార్యాలు చేసి, అన్యాయానికి గురైన తరువాత దానిని ఎదుర్కొన్నవారిని మినహాయించింది. ర్యాప్‌లో స్త్రీలను కించపరిచే మాటలు, మత్తును, డబ్బును, ఆయుధాలను పొగిడే పాటలు విస్తారంగా ఉన్న మాట నిజమే. అందుకే పెద్దలు పక్కన కూర్చుని వినాలి. ఏది కవిత్వమో, ఏది ప్రగల్భమో పిల్లలతో చర్చించాలి. తలుపు మూసేస్తే వారు చెడ్డ పాటలనే ఒంటరిగా వింటారు.

నా సూచన చిన్నది. ఈ మూడు పట్టణాలలోనూ నెలకొక సాయంత్రం, ముషాయిరా పద్ధతిలో, పిల్లలు తాము రాసినది చదివే సభ జరపాలి. వాయిద్యాలు వద్దనుకునేవారు చప్పట్లతో లయ వేయవచ్చు. ఆడపిల్లలకు సమాన అవకాశం ఉండాలి. ఉర్దూ, తెలుగు ఉపాధ్యాయులు భాషను దిద్దాలి. ఏ మతాన్నీ, ఏ వర్గాన్నీ దూషించరాదన్న నియమం ముందే చెప్పాలి. ఒక తొందరపాటు మాట కేసుగా మారి చదువును, ఉద్యోగాన్ని మింగేయగల రోజులివి. అందుచేత సమాజంలోని న్యాయవాదులు కూడా ఆ సభలో ఉండడం అవసరం.

1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని థియోసాఫికల్ కళాశాలలో బస చేసినప్పుడు ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ సహకారంతో ఆ గీతపు బాణీ ఇక్కడే స్వరబద్ధమైంది. ఎక్కడో బెంగాలులో పుట్టిన పాటకు చోటిచ్చిన ఊరు, టమోటా మార్కెట్టులో బుట్టలు మోసి ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో నాలుగు పంక్తులు రాసుకునే తన బిడ్డకు ఒక వేదిక ఇవ్వలేదా? ముందుగా ప్రతి తల్లీ, తండ్రీ ఈ నెలలో ఒక్కసారి “ఏం వింటున్నావు బేటా, నాకూ వినిపించు” అని అడగాలని నా విన్నపం.