నిన్న ఎక్కిరింపులు పడ్డోళ్లే ఇయ్యాల ఎక్కిరిస్తే ఎట్ల?

శ్రీనగర్ కాలనీ గల్లీలల్ల సినిమా ఆఫీసులు, ఎడిటింగ్ రూములు మస్తుంటయ్. పని నేర్చుకుందామని ఊర్ల నుంచి పోరగాళ్లు పాత ల్యాప్‌టాప్ బ్యాగుల ఏసుకొని ఈడికి వస్తరు. వాటిల శానా మట్టుకు విండోస్ 10 ఉంటది. 2025 అక్టోబర్ 14 నాడు మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ బంద్ చేసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0, కొత్త ప్రాసెసర్ కావాలంటది. మిషిన్ మంచిగనే నడుస్తది, గాని కంపెనీ లెక్కల అది తుక్కు కింద జమ.

గిసొంటప్పుడే లినక్స్ అక్కరకొస్తది. పైసలు కట్టేది లేదు, పాత మిషిన్ మీద గూడ నడుస్తది. గాని ఏది ఎక్కించుకోవాలె అని అడిగితే లొల్లి షురూ అయితది. మొన్న ఈ గల్లీలనే చాయ్ తాగుకుంట విన్న. ఒకడు ఉబుంటు అన్నడు. ఇంకొకడు అది పిల్లగాండ్లది, ఆర్చ్ వాడు అన్నడు. మూడోటాయన నేను ఫ్రీబీఎస్‌డీ నేర్చుకుంటున్న అంటే ఇద్దరు కలిసి నవ్విన్రు. "గదెవడు వాడుతడే?" అన్నరు. అడిగిన పోరడు సప్పుడు చేయకుంట చాయ్ తాగి పోయిండు.

లినక్స్ వాడేటోళ్లను జూసి విండోసోళ్లు గూడ ఇదే తీరు నవ్వేటోళ్లు. 1992 జనవరిల మినిక్స్ రాసిన ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్, లినక్స్ డిజైన్ పాతబడ్డదని తేల్చి చెప్పిండు. అప్పటికి లైనస్ టోర్వాల్డ్స్ 22 ఏండ్ల స్టూడెంట్. ఇయ్యాల మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపట ఉన్నది లినక్స్ కెర్నలే. మినిక్స్ గూడ ఏడికి పోలె. ఇంటెల్ చిప్పుల లోపట అది నడుస్తున్నదని 2017ల బయటవడ్డది.

ఇగ ఫ్రీబీఎస్‌డీ ఎవరు వాడుతరంటరా? ఈ కాలనీల కట్ చేసిన సినిమా నెట్‌ఫ్లిక్స్‌ల పడితే, దాన్ని మన ఫోన్లకు పంపే సర్వర్లు నడిచేది దాని మీదనే. లినక్స్ సర్వర్లల్లకు దూరం నుంచి భద్రంగ లాగిన్ అయ్యేతందుకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పుట్టింది ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ల తాన. పక్కింటోని తాళం మన తలుపుకు ఏసుకొని వాన్నే ఎక్కిరిస్తె ఎట్ల?

వాళ్ల మాటల్ల కొంత నిజం లేకపోలేదు. డ్రైవర్లు రాసేటోళ్లు తక్కువ. ఉన్న కొద్దిమంది పది సిస్టంలకు పంచుకుంటే ఏ పనీ ఒడవది. గాని తక్కువ మంది ఉన్నకాడ కొత్తోన్ని కలుపుకోవాలె, ఎల్లగొట్టొద్దు.

ఇంకో తప్పు ఉన్నది, లోట్లు దాచుడు. ప్రీమియర్ ప్రో, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లినక్స్‌కు లేవు. డావిన్చీ రిజాల్వ్ ఉన్నది, గాని లినక్స్‌ల దాని ఫ్రీ వెర్షన్ మామూలు ఫోన్ వీడియోను, అంటే హెచ్.264ను, తెరవది. ముందుగాల ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తోని మార్చుకోవాలె. పోస్టర్ల పనిల వాడే అను ఫాంట్లు విండోస్ కోసం చేసినయ్. లినక్స్‌ల యూనికోడ్‌కు పోతన, వేమన ఫాంట్లు దొరుకుతయ్ గాని పాత అను ఫైళ్లను మార్చుకోవాలె. ఇవన్ని ముందే చెప్తే పోరడు తయారై ఉంటడు. చెప్పకపోతే రెండు దినాలు కొట్లాడి మల్ల క్రాక్ సాఫ్ట్‌వేర్ ఏసుకుంటడు, దాని ఎంబడి వైరస్ ఫ్రీగ వస్తది.

తమ్మీ, చెల్లె, మీకు నేను చెప్పేది ఒక్కటే. ఉన్న విండోస్ ఇప్పుడే తుడిపెయ్యకుర్రి. పెన్‌డ్రైవ్ మీద లైవ్‌ల నడిపి వైఫై, సౌండ్, తెలుగు టైపింగ్ పనిజేస్తున్నయా సూడుర్రి. ఎడిటింగ్‌కు కెడెన్‌లైవ్, త్రీడీకి బ్లెండర్ తోని మొదలువెట్టుర్రి. 2025ల యానిమేషన్ ఆస్కార్ గెలిచిన ఫ్లో సినిమాను తీసింది బ్లెండర్‌లనే.

లినక్స్ తెలిసిన అన్నలకు గూడ ఒక మాట. పోరడు మీ తానకు వస్తె ఏ సిస్టం వాడుతున్నవ్ అని కాదు, ఏం పని చేద్దామనుకుంటున్నవ్ అని అడుగుర్రి. దాన్ని బట్టి చెప్పుర్రి. కాని పనైతే కాదని చెప్పుర్రి, ఏం ఇజ్జత్ పోదు.