తెలుగు మేత్రాసనాల పీఠాధిపతులకు బహిరంగ లేఖ



మన విచారణల సత్యోపదేశ తరగతుల్లో పిల్లలు ఏడు దివ్యసంస్కారాలనూ, పది ఆజ్ఞలనూ తడుముకోకుండా అప్పజెబుతున్నారు. సంతోషమే. కానీ ఇంట్లో జబ్బు, అప్పు, చావు ఎదురైనప్పుడు క్రీస్తుతో ఎలా మాట్లాడాలో వారికి ఎవరు నేర్పుతున్నారు? సత్యోపదేశ లక్ష్యం క్రీస్తుతో సాన్నిహిత్యమేనని పోపు రెండవ జాన్ పాల్ 1979లోనే స్పష్టం చేశారు.

మా విన్నపాలు ఇవి. ప్రతి తరగతిలో సువిశేషం చదివి, కాసేపు మౌనంగా ప్రార్థించే వీలు కల్పించండి. ఉపదేశులకు బోధనతోపాటు ప్రార్థనా జీవితంలోనూ శిక్షణ ఇప్పించండి. కుటుంబాలు కలిసి వాక్యాన్ని ధ్యానించే చిన్న బృందాలను ఊరూరా ప్రోత్సహించండి. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు తరలివచ్చే విశ్వాసుల భక్తికి ఏడాది పొడవునా మీ తోడు కావాలి.

విధేయతతో,
ఒక విచారణ విశ్వాసి