పర్షియన్ పిల్లి కాల్షీట్ పదిహేనేళ్లు

ఫిల్మ్‌నగర్‌లో సినిమా ఆయుష్షు చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు. శుక్రవారం మార్నింగ్ షో వదిలేసరికి తేలిపోతుంది. పిల్లి సంగతి అలా కాదు. దాని ఆయుష్షు ఎంతో తేలేసరికి మీరు రెండు ఉద్యోగాలు, మూడు అద్దె ఇళ్లు, ఐదు ఫోన్లు మార్చేసి ఉంటారు. మధ్యలో పెళ్లి కూడా అయిపోయి ఉండొచ్చు.

ఇప్పుడీ మాట ఎందుకంటే, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఎవరింటికి వెళ్లినా సోఫా మీద ఓ బొచ్చు పిల్లి దర్జాగా పడుకుని కనిపిస్తోంది. పెద్ద గేట్ల బంగ్లాల్లోనే అనుకోకండి. కృష్ణానగర్‌లో ముగ్గురు అసిస్టెంట్ డైరెక్టర్లు కలిసి ఉండే రూమ్‌లో కూడా నాలుగో మెంబర్ పర్షియనే. చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంత పడింది? ఎక్కడ కొన్నావ్? ఇది ఎన్నేళ్లు ఉంటుంది అని అడిగినవాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు.

సూటిగా చెప్పేస్తాను. గడప దాటకుండా ఇంట్లోనే పెరిగే జాతి పిల్లి, బాగా చూసుకుంటే, 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. 18 దాటేవీ ఉంటాయి. రికార్డు అయితే అమెరికాలోని టెక్సాస్‌లో ఉన్న క్రీమ్ పఫ్ అనే పిల్లిది. 1967లో పుట్టి 2005లో పోయింది. 38 ఏళ్లు! మన ఇండస్ట్రీలో అంతకాలం నిలబడిన హీరోలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అయితే జాతి పిల్లి అంటే ఎక్కువ బతుకుతుందనుకోవడం మాత్రం భ్రమ. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు ఇంగ్లాండ్‌లో చనిపోయిన నాలుగు వేలకు పైగా పిల్లుల రికార్డులు తీసి 2015లో లెక్క వేశారు. ఏ జాతీ కాని మామూలు పిల్లుల మధ్యస్థ ఆయుష్షు 14 ఏళ్లు. జాతి పిల్లులది 12.5. అంటే మన వీధిలో తిరిగే చారల పిల్లి లాంటిదే, అక్కడ ఇంట్లో పెట్టి సాకితే, ఖరీదైన దానికంటే ఏడాదిన్నర ఎక్కువే ఉంది. జాతుల మధ్య కూడా బోలెడు తేడా. బిర్మన్ 16 దాటింది. పర్షియన్, సయామీస్ 14 దగ్గర ఉన్నాయి. మెయిన్ కూన్ 11. చిరుతపులి మచ్చలతో రీల్స్‌లో లైకులు కొట్టేసే బెంగాల్ 7.3 దగ్గరే ఆగిపోయింది. అదే కాలేజీ డేటాతో 2024లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఒంటి మీద బొచ్చే లేని స్ఫింక్స్ పిల్లికి ఆయుర్దాయం ఏడేళ్లు కూడా రాలేదు.

ఎందుకిలా అంటే, వంశం. పెడిగ్రీ అంటే కుక్కల ఫుడ్ బ్రాండ్ కాదండోయ్, రిజిస్టర్‌లో రాసి ఉన్న వంశవృక్షం. వంశం పవర్ ఏంటో ఫిల్మ్‌నగర్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు కానీ, పిల్లుల్లో మాత్రం వంశంతోపాటు రోగాలూ వస్తాయి. పర్షియన్లలో కిడ్నీల నిండా నీటి తిత్తులు పెరిగే జబ్బు ఒకటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా పిల్లకు సగానికి సగం ఛాన్స్. డీఎన్ఏ టెస్టు రాకముందు కొన్ని దేశాల్లో చూస్తే పర్షియన్లలో మూడో వంతుకు పైగా ఈ జబ్బుతోనే ఉన్నాయి. పిల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలీదు. ఏడేళ్లు వచ్చాక నీళ్లు ఎక్కువ తాగడం, చిక్కిపోవడం మొదలవుతుంది. మెయిన్ కూన్‌కి గుండె కండరం మందమయ్యే జబ్బు. రెంటికీ జన్యు పరీక్షలున్నాయి. కిడ్నీకి అల్ట్రాసౌండ్, గుండెకు ఎకో కూడా తీయొచ్చు.

మన దగ్గర అమ్మేవాళ్ల భాష వేరు. డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్, ట్రిపుల్ కోట్. ముక్కు ఎంత లోపలికి పోతే రేటు అంత పైకి పోతుంది. ఆ ముక్కుతో అది ఊపిరి ఎలా తీస్తుందో ఎవరికీ పట్టదు. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, పళ్లు వంకర, ఎండొస్తే నోరు తెరిచి రొప్పడం. ఇంగ్లాండ్ ఎండాకాలం మన డిసెంబర్‌తో సమానం. ఇక్కడ మే నెలలో కరెంటు పోతే పంచ్ ఫేస్ పిల్లి పరిస్థితి ఊహించుకోండి. నా మాట వింటే డాల్ ఫేసే తీసుకోండి. రేటూ తక్కువ, ఊపిరీ నయం. రెండు నెలలు నిండని పిల్లను అసలు తీసుకోవద్దు. పెట్ షాపుల మీద 2018లో వచ్చిన కేంద్రం రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండకుండా షాపువాళ్లు అమ్మనే కూడదు.

ఇక ఇంట్లో పెంచడం దగ్గరికొద్దాం. ఇందాకటి ఇంగ్లాండ్ లెక్కలోనే ఇంకో ముక్క ఉంది. ఐదేళ్ల లోపు పోయిన పిల్లుల్లో దాదాపు సగం దెబ్బలు తగిలి పోయాయి. వాటిలో ఎక్కువ రోడ్డు మీదే. గడప దాటకపోతే ఆ గండం దాటినట్టే. కుక్కల గొడవ ఉండదు, వేరే పిల్లులతో కొట్లాడి రోగాలు అంటించుకోవడం ఉండదు. సామెతలో గోడ మీద పిల్లి తెలివైనదే కావచ్చు, రోడ్ నంబర్ 45లో మాత్రం గోడ దిగితే కారు కిందే.

కానీ ఇంట్లోనూ గండాలున్నాయి. మొదటిది బాల్కనీ. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడ్డా కాళ్ల మీదే దిగుతుందిలే అనుకుంటాం. దిగుతుంది, నిజమే. దిగి దవడ విరగ్గొట్టుకుంటుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. న్యూయార్క్‌లో ఒకే ఆస్పత్రికి ఐదు నెలల్లో ఇలా పైనుంచి పడ్డ పిల్లులు 132 వచ్చాయని 1987లో డాక్టర్లు రాశారు. చికిత్స దొరికినవాటిలో ఎక్కువ భాగం బతికాయి లెండి. మనకు రెడీమేడ్ పరిష్కారం ఉంది: పావురాల నెట్. హైదరాబాద్‌లో పావురాల కోసం ఎలాగూ కట్టిస్తాం కదా, కాస్త గట్టి వల వేయించి, అంచులు బిగించమని చెప్పండి. దీపావళి రాత్రి మాత్రం నెట్ ఉన్నా తలుపులన్నీ మూసేయండి. బాంబుల చప్పుడుకి బెదిరి పారిపోయిన ఇంటి పిల్లికి దారి తెలీదు.

రెండోది బొకే. ఇది మన ఏరియా స్పెషల్. ముహూర్తం, సక్సెస్ మీట్, బర్త్‌డే, ఏదైనా బొకేలే. వాటిలో పెద్ద పెద్ద రేకులతో, నారింజ పుప్పొడితో ఉండే లిల్లీలుంటాయి చూశారూ, అవి పిల్లికి విషం. ఆకు కొరికినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా, వాజ్‌లో నీళ్లు తాగినా రెండు మూడు రోజుల్లో కిడ్నీలు పోతాయి. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో దండలకు కొనే లిల్లీ వేరు, అది రజనీగంధ. నేను చెప్పేది బొకే లిల్లీ గురించి. ఆ బొకే వస్తే గుమ్మం దగ్గరే వాచ్‌మన్‌కి ఇచ్చేయండి.

మూడోది మన మందుల డబ్బా. పిల్లి ఒళ్లు వేడిగా ఉందని డోలోలో ముక్క విరిచి వేసేవాళ్లున్నారు. దయచేసి వద్దు. పారాసిటమాల్‌ను అరిగించుకునే ఏర్పాటు పిల్లి కాలేయంలో సరిగా లేదు. మనకు జ్వరం తగ్గించే ఒక్క మాత్ర దానికి ప్రాణం తీసేంత. కుక్కలకు వేసే పిడుదుల మందు కూడా అంతే, డబ్బా మీద పిల్లి బొమ్మ లేకపోతే ముట్టుకోకండి.

తిండి విషయంలో పెద్ద గొడవ మన పెరుగన్నంతోనే. అమ్మమ్మలు పెంచిన పిల్లులన్నీ పెరుగన్నం తినే బతికాయి కదా అంటారు. ఆ పిల్లులు పెరుగన్నం తిని, పెరట్లో ఎలుకనీ తినేవి. ఫిల్మ్‌నగర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఎలుక ఎక్కడిది? మాంసంలో ఉండే టారిన్ అందకపోతే పిల్లి గుండె ఉబ్బిపోతుందని 1987లోనే తేలింది. ఇంట్లో నీచు వండని వాళ్లు పిల్లిని తెచ్చుకునే ముందు ఈ ఒక్క విషయం మాట్లాడుకోవాలి. పాలు కూడా పెద్ద పిల్లులు చాలావాటికి పడవు. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూసి పారిపోయింది నోరు కాలి, వీటికి కడుపు పాడవుతుంది.

ఇంకొక్కటి, మగ పిల్లి ఉన్నవాళ్ల కోసం. లిట్టర్ బాక్స్‌లోకి పదే పదే వెళ్లి కూర్చుని, చుక్క కూడా రాక అరుస్తోందంటే మూత్రం ఆగిపోయిందని అర్థం. రేపు షూటింగ్ అయ్యాక చూద్దాం అనుకునే కేసు కాదది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ రాత్రే తీసుకెళ్లాలి. ఎడారి జాతి కదా, పిల్లికి దాహం తక్కువ. రోజూ కొంత తడి ఫుడ్ పెడితే ఈ బాధ తగ్గే అవకాశం ఉంది. టీకాలు, ఆపరేషన్ ఎలాగూ తప్పవు.

ఇంత చెప్పాక అసలు విషయం. నాకు తెలిసిన కుర్రాడు ఒకడు ఇక్కడే డీఐలో కలరిస్ట్. తొమ్మిదేళ్ల కిందట ఏదో సినిమా హిట్టయిన ఊపులో పర్షియన్‌ని తెచ్చుకున్నాడు. ఇప్పుడు కెనడాలో జాబ్ వచ్చింది. మొన్న ఫోన్ చేశాడు.

“అక్కా, పిల్లిని ఎవరికన్న ఇచ్చేద్దామనుకుంటున్న. ఇంకెన్నేండ్లు ఉంటదిలే, ముసల్ది అయిపాయె.”

“ముసలిదేంటి తమ్ముడూ? మొదటి ఏడాదికి పదిహేను, రెండో ఏడాదికి ఇరవై నాలుగు, ఆ తర్వాత ఏడాదికి నాలుగు చొప్పున లెక్కేసుకో. యాభై రెండు. మీ నాన్న వయసు కంటే తక్కువే కదా!”

కాసేపు మాట్లాడలేదు. నేను లెక్క పూర్తి చేశాను. కిడ్నీలు బాగుంటే ఇంకో ఐదారేళ్లు ఉంటుంది. కెనడాలో నీ వర్క్ పర్మిట్ కంటే దీని గడువే ఎక్కువ కావచ్చు. ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఇస్తానని పెడితే తీసుకెళ్లేవాళ్లలో పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్లూ ఉంటారు. తొమ్మిదేళ్లు ఒకే మంచం మీద పడుకున్న పిల్లి కొత్త ఇంట్లో తిండి మానేస్తే, అందులోనూ లావుపాటిదైతే, కొద్ది రోజులకే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. ఎక్కడికి పంపినా నీ దుప్పటి ఒకటి, దాని లిట్టర్ బాక్స్, తినే ఫుడ్ అదే బ్రాండ్ పంపు అన్నాను.

కూకట్‌పల్లిలో వాళ్ల అక్క ఉంది. ముందు కుదరదందట, చిన్నపిల్లాడున్నాడు, బొచ్చు పడదని. తర్వాత పిల్లాడే గొడవ చేశాడు. ఈ ఆదివారం క్రియాటినిన్ టెస్టు, అల్ట్రాసౌండ్ ఉన్నాయి. రిపోర్టులు అక్క ఫోన్‌లో కూడా ఉంచమన్నాను. నెలనెలా ఫుడ్ ఖర్చు వీడే పంపుతాడు. వాళ్ల బాల్కనీకి నెట్ కొలతలు తీసుకోవడానికి మనిషి బుధవారం వస్తున్నాడు. నెట్ పడ్డాకే పిల్లి కారెక్కుతుంది.