కారుకీ కావాలి కంటిన్యుటీ!

విజయ్ దేవరకొండ 'టాక్సీవాలా' చూశారుగా? 2018లో వచ్చింది. అందులో హీరోగారు ఓ పాత కాంటెస్సా కారు కొంటాడు. తీరా చూస్తే కార్లో దెయ్యం! హాల్లో కేకలు పెట్టాం, పగలబడి నవ్వాం, ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాం.

కాని ఒక్క మాట ఆలోచించండి. కాంటెస్సాల తయారీ 2002లోనే ఆగిపోయింది. అంటే సినిమా వచ్చేనాటికి ఆ బండికి తక్కువలో తక్కువ 16 ఏళ్లు! అన్నేళ్లలో ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏం విప్పి ఏం బిగించారో! సినిమా దెయ్యం ఎప్పుడో ఒకప్పుడు తెరమీదికొస్తుంది. అసలు కార్లలో దెయ్యం అలా కాదు. ఎక్కడా రాసిపెట్టని పాత రిపేర్లలో దాక్కుని వుంటుంది. సరిగ్గా ఘాట్‌రోడ్డు మలుపులో బయటికొస్తుంది!

షూటింగు చూసినవాళ్లకి కంటిన్యుటీ అంటే తెలుసు. ఈరోజు హీరో చొక్కాకి పై బొత్తాం వూడివుంటే, పదిరోజుల తర్వాత తీసే తరువాయి షాట్‌లోనూ వూడే వుండాలి. అందుకే అసిస్టెంటు డైరెక్టరు అన్నీ పుస్తకంలో రాసుకుంటాడు. 'గుర్తుంటుందిలే' అనుకున్నాడో, రిలీజు రోజున నేల టిక్కెట్టువాడు కూడా పట్టేస్తాడు. లక్షలు పోసి కొన్న కారుకి మాత్రం మనం ఆ పుస్తకం పెట్టం. ఏమన్నా అంటే, 'మెకానిక్కుకి తెలుసండీ' అంటాం. ఆ మెకానిక్కు షెడ్డు ఎత్తేసి వేరే వూరు వెళ్లిపోతే? కారు చరిత్ర కూడా ఆయన వెంట వెళ్లిపోయినట్టే!

మా నంద్యాల మిత్రుడొకాయన ఈమధ్య పాత కారు కొనాలనుకున్నాడు. షోకు కోసం కాదు... వాళ్ల నాన్నగారిని నెలనెలా కర్నూలు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చేతిలో వున్నది దాచుకున్న డబ్బు. తప్పు బండి తగిలితే మళ్లీ కొనే శక్తి లేదు. నన్నూ తోడు రమ్మన్నాడు. మా వూరికి సుమారు 40 కిలోమీటర్లలో శిల్పాలకు పేరుమోసిన ఆళ్లగడ్డ. అక్కడ రెండు కార్లున్నాయని కబురొస్తే బయల్దేరాం.

మొదటి కారు పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. 2019 మోడలు. మీటరు చూస్తే 31 వేల కిలోమీటర్లే! మావాడు సగం పడిపోయాడు. నేను వంగి టైరు చూశాను. టైరు పక్కన చివర్లో నాలుగంకెలుంటాయి... అది తయారైన వారం, సంవత్సరం. అక్కడున్నది 2221. అంటే 2021లో 22వ వారం. నాలుగు టైర్లూ అంతే. ఇంత తక్కువ తిరిగిన కారుకి రెండేళ్లకే నాలుగు టైర్లూ ఎందుకు మార్చాల్సొచ్చింది? బ్రేకు పెడలు మీది రబ్బరు చూస్తే నున్నగా అరిగిపోయివుంది. అడిగితే అమ్మేవాడు ఆకాశం వంక చూశాడు. బిల్లులేవీ అంటే 'పోయినాయి సార్' అన్నాడు.

రెండో కారు ఓ రిటైర్డు మాస్టారిది. రంగు వెలిసింది, డోరు మీద గీతలు, మీటరు 86 వేలు. మావాడి మొహం వాడిపోయింది. అంతలో మాస్టారు లోపల్నుంచి ఓ రిజిస్టరు తెచ్చారు. బళ్లో హాజరుపట్టీలాగా గళ్లు గీసి తేదీ, మీటరు రీడింగు, చేసిన పని, వేసిన సామాను, ఖర్చు, మళ్లీ ఎప్పుడు చెయ్యాలి... అన్నీ రాసున్నాయి. రేడియేటరు కారిందీ, చాగలమర్రి దగ్గర బంపరు గుద్దుకున్నదీ దాచలేదు. చివరి పేజీలో 'క్లచ్ ప్లేటు త్వరలో మార్చాలి' అని ఎర్ర సిరాతో!

నేనుండబట్టలేక అడిగాను, "ఇన్ని లోపాలు చూపిస్తే ధర తగ్గదా సార్?"

"తగ్గితే తగ్గనీ నాయనా! ఈయన వాళ్ల నాయన్ని ఎక్కించుకోని పోతాడు. బండిలో యేముందో నాకు తెలుసు, ఈయనకు తెలీదు. చెప్పకుండా అమ్మితే నాకు నిద్ర పడుతుందా?"

ఇంకేం మాట్లాడతాం? క్లచ్ ఖర్చు తగ్గించి, మావాడు ఆ కారే కొన్నాడు.

ఇంతకీ నే చెప్పొచ్చేదేమంటే, ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషను తేదీ, ఇన్సూరెన్సు గడువు తెలుస్తాయి. బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారో మాత్రం తెలీదు. ఆ ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మామూలుగా రెండేళ్లకోసారి మార్చాలంటారు. మార్చకుండా నల్లమలలో గిద్దలూరు ఘాట్‌లాంటి చోట్ల అదేపనిగా బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడికి ఆయిలు మరిగి, పెడలు మెత్తగా కిందికి జారిపోతుంది. రాసుకున్నవాడికి ఆ తేదీ ముందే కనిపిస్తుంది. రాసుకోనివాడికి లోయ కనిపిస్తుంది!

పెట్రోలు లెక్క కూడా రాయండి. ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నింపేటప్పుడు ఎన్ని కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. 420కి 28 లీటర్లయితే లీటరుకి 15. అదే 12కి దిగిందంటే టైర్లలో గాలి తగ్గిందో, ఎయిర్ ఫిల్టరు మూసుకుందో, బ్రేకు పట్టేస్తోందో... ఏదో వుందన్నమాటే. ఇంకోటి... మిషను మీద కొట్టిచ్చే నున్నటి కాగితం బిల్లులు కొన్నాళ్లకి తెల్లబోతాయి. ఆరోజే ఫోటో తీసి పెట్టుకోండి.

'మాకు కారెక్కడిదండీ, డొక్కు బైకు తప్ప' అంటారా? బైకుకీ ఇదే మంత్రం! ఇంటర్వెల్‌లో రెండు సమోసాలు మానేస్తే నోటుపుస్తకం వస్తుంది. మొదటి పేజీలో ఇవాళ్టి తేదీ, మీటరు రీడింగు వెయ్యండి. చాలు, షూటింగు మొదలైనట్టే.

అన్నట్టు, మాస్టారి రిజిస్టరు ఇప్పుడు మావాడి డాష్‌బోర్డులో వుంది. క్లచ్ ప్లేటు గళ్లో టిక్కు పడింది. ముత్యాల్లాంటి మాస్టారి అక్షరాల కింద మావాడి కోడిగీతలు. చేతిరాత మారింది గాని, కంటిన్యుటీ మాత్రం తప్పలేదు!