ప్రశంసాపత్రానికి పప్పు ఉడకదు

కరోనా కాలంలో మన నాటకం ఆర్టిస్టులు ఆన్‌లైన్‌లో ఒకరినొకరు ఆదుకున్నారట. ఈ ముక్క చెబుతూ వేదికల మీద పెద్దలు కళ్లొత్తుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆదుకున్నారు, నిజమే. ఎవర్ని ఎవరు? ఇవాళ పస్తున్నవాణ్ని రేపు పస్తుండబోయేవాడు ఆదుకున్నాడు. తబలా ఆయన హార్మోనిస్టుకు ఐదొందలు పంపాడు. ఆ ఐదొందలే నెల తిరక్కుండా మేకప్ ఆయనకు చేరాయి. వాట్సాప్ గ్రూపు నిండా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. బయటి నుంచి రూపాయి రాలేదు, ఉన్న నోటే సమాజమంతా చుట్టొచ్చింది. దీన్నా మనం పండగలా చెప్పుకునేది?

పద్యనాటకానికి సీజను శివరాత్రితో ఎత్తుకుంటుంది. తిరునాళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, వేసవి జాతరలు. ఏడాది బియ్యం ఆ నాలుగు నెలల్లోనే సంపాదించుకోవాలి. 2020లో శివరాత్రి ఫిబ్రవరి 21న వచ్చింది. మార్చి 25న, సరిగ్గా ఉగాది రోజున, దేశానికి తాళం పడింది. భద్రాచలంలో రాములవారి కల్యాణమే భక్తులు లేకుండా జరిగిన ఏడు, ఊరి పందిట్లోకి హరిశ్చంద్రుణ్ని ఎవరు పిలుస్తారు? సరే, వచ్చే ఏడు చూద్దామనుకుంటే 2021 ఏప్రిల్‌లో రెండో వేవ్. రెండు సీజన్లు గంగలో కలిశాయి. నోటిమాట మీద కుదిరిన ఆటలాయె, రద్దయితే పరిహారం అడగడానికి చేతిలో చిత్తుకాగితం కూడా లేదు.

సినిమావాళ్లు 2020 మార్చిలోనే చిరంజీవి ముందుండగా కరోనా క్రైసిస్ చారిటీ పెట్టి కార్మికుల ఇళ్లకు సరుకులు పంపారు. శభాష్. అక్కడ యూనియన్లున్నాయి, కార్డులున్నాయి, ఎవరికి పంపాలో చెప్పే జాబితా ఉంది. రాయబారంలో కృష్ణుడు కట్టేవాడి పేరు ఏ జాబితాలో ఉంది?

ఇక ఆ ఆన్‌లైన్ సభల సంగతి. దేశవిదేశాల తెలుగు సంఘాలు లాక్‌డౌన్‌లో తెగ కళాపోషణ చేశాయి. అలాంటి సభ ఒకటి చూశాను, ఏ సంఘమో ఎందుకులెండి. నటుడు వంటగదిలో కిరీటం పెట్టుకు కూర్చున్నాడు, వెనక గోడకు గ్యాస్ కంపెనీ క్యాలెండర్. హార్మోనిస్టు ఇంకో ఊళ్లో. ఇక్కడ పద్యం ఎత్తుకుంటే అక్కడి పెట్టె అరక్షణం ఆలస్యంగా పలుకుతోంది. పైగా నిలకడగా పట్టి ఉంచిన శ్రుతిని ఫ్యాన్ మోతో ఏమో అనుకుని నొక్కేసే తెలివి జూమ్‌ది. శ్రుతి మాయమైంది. పాపం ఆయన రాగం తీస్తూనే ఉన్నాడు, ఎక్కడో గాల్లో. ఊళ్లో అయితే ‘వన్స్‌మోర్’ అని ఒక కేక పడేది, కమిటీ పెద్ద స్టేజీ ఎక్కి పిన్నీసుతో ఛాతీకి నోటు గుచ్చేవాడు, ఆ పేరు మైకులో చదివేవారు. ఇక్కడ తెర మూలన చప్పట్ల బొమ్మ ఒకటి ఎగిరి ఆరిపోయింది. మర్నాడు ఆయనకు వాట్సాప్‌లో ప్రశంసాపత్రం వచ్చింది. అందులో ఇంటిపేరు తప్పు.

తీగల మీద మనుషుల్ని ఎగరేసే సురభి నాటక కుటుంబాల మాయలు ఆరంగుళాల తెరలో ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? 1885 నుంచి నాటకమే బతుకైన కుటుంబాలు అవి.

‘ఎవరూ బలవంతం చేయలేదే, ఇష్టపడే పాడారు’ అంటారు నిర్వాహకులు. ఇష్టపడక ఏం చేస్తారు? నెలల తరబడి గొంతు విప్పని మనిషి, మోటబావిలో నిలబెట్టినా పాడతాడు. మీరు జూమ్ వాడికి చందా కట్టారు. బ్యానరు వేసిన కుర్రాడికి డబ్బులిచ్చారు. హార్మోనియం దగ్గరికొచ్చేసరికే మీకు కళాసేవ గుర్తొచ్చిందా? ఆ పూట పాడినవాడి డేటా కూడా వాడి సొంత రీచార్జే!

డబ్బు అడగడం ఆన్‌లైన్‌లో కుదరదన్నది పచ్చి అబద్ధం. చెన్నైలో గాయకుడు టి.ఎం. కృష్ణ టికెట్టు పెట్టి మరీ ఆన్‌లైన్ కచేరీ చేశారు, కళాకారుల కోసం సహాయనిధి నడిపారు. జనం కొనుక్కుని విన్నారు. మన సంఘాల్లో డాక్టర్లున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, మనిషికి వంద రూపాయల టికెట్టు పెట్టాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ప్రభుత్వాలకు మాత్రం నాటకం గుర్తు రాలేదనకండి. మూడో వేవ్ నడుమ, 2022 జనవరిలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి గుర్తొచ్చింది. వందేళ్ల ‘చింతామణి’ని నిషేధించడానికి. సుబ్బిశెట్టి పాత్ర మీద అభ్యంతరాలుంటే మాట్లాడుకుందాం, మార్పించుకుందాం. కానీ రెండేళ్లు ఆకలికి వదిలేసిన చేత్తోనే మూడో ఏడు కంచంలో ఉన్న ఆటను లాక్కోవడాన్ని పాలన అంటారా?

సభల పెద్దలారా, ఆనాటి వీడియోలు మీ చానళ్లలో ఇంకా ఆడుతున్నాయి. పాడినవాళ్ల నంబర్లు మీ ఫోన్లలోనే ఉన్నాయి. ఆ నంబర్లకు ఫోన్‌పే కూడా ఉంది. పద్యానికింత అని లెక్క కట్టి పంపండి, హార్మోనిస్టుకు విడిగా. పంపలేకపోతే ఆ వీడియోలు తీసేయండి.