మన షౌక్, వాళ్ల రాస్తా



మా వైపు ఫోర్ బై ఫోర్ బళ్ల క్లబ్బుతో కొండదార్లకు వెళ్లొస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచీ దోస్తులంతా ఒకటే సవాల్: "భాయ్, బీవీ బచ్చోంతో వెళ్లొచ్చా? ఫ్యామిలీకి బాగుంటుందా?" వెళ్లొచ్చు. బాగుంటుంది. కాకపోతే, ఏ ఫ్యామిలీకి బాగుంటుంది అని కూడా అడగాలి. ఈ రోజు రాస్తున్నది దాని గురించే.

ముందు బండి సంగతి. మన కుర్రాళ్లు మోజుపడే థార్‌ను తయారుచేసే కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు 'మహీంద్రా అండ్ మహమ్మద్'. ఆ భాగస్వామి మలిక్ గులాం మహమ్మద్ తక్సీమ్ తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఆ కంపెనీ మన దేశానికి తెచ్చిన బండి విల్లీస్ జీపు. అంటే జీపు షౌక్ కోసం పుట్టలేదు. రోడ్డు సరిగా లేనిచోట పని జరగడానికి పుట్టింది. సాలూరు, సీతంపేట వైపు సంతరోజున టాపు మీద దాకా జనాన్ని ఎక్కించుకుని పోయే సర్వీసు జీపుల్ని చూసి పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అలాగని షౌక్ గునాహ్ ఏమీ కాదు. ఫ్యామిలీ రైడ్‌ను మంచి క్లబ్బులు ఎంతో జాగ్రత్తగా నడుపుతాయి. అందరికన్నా ముందు దారి తెలిసినవాడి బండి, అందరికన్నా వెనక వించ్, తాడు ఉన్న బండి, మధ్యలో మనం. మట్టిలోకి దిగేముందు టైర్లలో గాలి ఇరవై దగ్గరకు తగ్గిస్తారు. అప్పుడు టైరు నేలమీద వెడల్పుగా పరుచుకుని పట్టు చిక్కించుకుంటుంది. ఫోర్ లో గేరులో బండి మనిషి నడకంత నెమ్మదిగా పోతుంది. బెల్టు పెట్టుకోకుండా పిల్లల్ని కూర్చోనివ్వరు. ఒక బండి దిగబడితే మిగతావన్నీ ఆగాల్సిందే. ఫోన్లో వీడియో ఒక్క నిమిషం ఆగితే గోల పెట్టే మా బచ్చేలు అక్కడ అరగంట సబర్‌గా నిలబడి రాళ్లు అందించారు. మా బేగం బురఖాలోనే స్టీరింగ్ పట్టి రాళ్లవాగు దాటించింది. పక్కన కూర్చుని సలహాలిస్తున్న నన్ను కాసేపు చుప్ ఉండమంది. బండి అంటే మగాళ్ల సొత్తు, ఆడవాళ్ల జాగా వెనక సీట్లో టిఫిన్ డబ్బాల పక్కన అనుకునే మన ఇళ్లకు ఇది మామూలు సంగతి కాదు.

ఆ వాగు దాటితే ఒక గిరిజన పల్లె. నీళ్లకోసం ఆగాం. ఒక పెద్దావిడ బండి చుట్టూ తిరిగి చూసి మా బేగంని అడిగింది: "మీ బండి ఈడదాకా వొచ్చింది గదమ్మా, మరి 108 ఎందుకు రాదు?"

మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ మాట వెనక ఉన్న హకీకత్ మనకు తెలియనిది కాదు. పేపర్లో చదివి పేజీ తిప్పేస్తాం, అంతే. సాలూరు మండలం సిరివర పేరు 2018లో దేశమంతా వినబడింది. నిండు గర్భిణిని డోలీలో కొండ దించాల్సి రావడమే దానికి కారణం. ఆ ఏడే ఏజెన్సీలకు బైకు మీద నడిచే ఫీడర్ అంబులెన్సులు వచ్చాయి. 2020 ఆగస్టులో అదే మండలంలోని కొదమ పంచాయతీ గిరిజనులు ఎదురుచూసి విసిగిపోయి, చందాలు వేసుకుని రోడ్డు వేసుకున్నారు. బాగుజోల నుంచి సిరివర రోడ్డుకు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ చేతుల మీద శంకుస్థాపన జరిగింది 2024 డిసెంబరులో. డోలీ వార్తకూ ఆ రాయికీ మధ్య ఆరేళ్లు.

మనం 'ట్రైల్' అని మురిసిపోయేది వాళ్లకు రాస్తా. ఉన్నది అదొక్కటే. మనకు షౌక్, వాళ్లకు మజ్బూరీ. మనకు బురదలో చక్రాలు గిర్రున తిరగడం మజా. రెండు టన్నుల దాకా తూగే బండి అలా తిరిగితే నేలలో గాడి పడుతుంది. తర్వాతి వానకు ఆ గాడి కాలువవుతుంది, ఆపై వానకు గండి. సంతకు చింతపండు మోసుకెళ్లే బైకు పడేది ఆ గాడిలోనే. ఫీడర్ అంబులెన్సు ఆగిపోయేదీ అక్కడే. మన ఆదివారం తమాషాకు వాళ్లు ఏడాదంతా కిరాయి కట్టాలా?

"మనం వెళ్తే వాళ్లకూ నాలుగు డబ్బులొస్తాయి కదా" అంటారు కొందరు భాయిలు. రావచ్చు, కానీ మనం వెళ్లే తీరును బట్టి. బొర్రా దగ్గర కటికి జలపాతానికి వెళ్లే మెహమాన్లు అక్కడి జీపులు మాట్లాడుకుంటారు. ఆ రాళ్లదారి మీద కొన్ని ఇళ్లు బతుకుతున్నాయి. అదే మన బండి, మన డ్రైవరు, మన బిర్యానీ అయితే ఆ పల్లెకు మిగిలేది ప్లాస్టిక్ ప్లేట్లే.

సముద్రం వైపు మాత్రం తేడా ఏముంది? బారువ, కళింగపట్నం ఇసుకలో బండి ఉరికించాలని సరదాగానే ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరాన ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుక కింద ఉన్న గుడ్లు డ్రైవరుకు కనబడవు.

కాబట్టి పేరు ఇచ్చేముందు క్లబ్బును మూడు మాటలు అడగండి. ఆ పల్లె పెద్దల ఇజాజత్, అడవి అయితే అటవీ శాఖ అనుమతి తీసుకున్నారా? ఆ ఊరివాళ్లలో ఒకరికి కూలి ఇచ్చి దారి చూపడానికి పెట్టుకున్నారా? ముందురోజు రాత్రి వాన పడితే రైడ్ మానేస్తారా? మూడింటికీ హాఁ అంటే ఇత్మినాన్‌గా ఖాందాన్‌ను తీసుకెళ్లండి. దారిలోని ముల్లు తీసేయడం కూడా ఈమాన్‌లో భాగమని మక్తబ్‌లో చదువుకున్నవాళ్లం. దారిలో గాడి తవ్వి ఇంటికి రావడం మనకు తగదు.

ఈ బళ్లు ఖిద్మత్‌కు కూడా పనికొస్తాయి. 2018 వరదల్లో కేరళ జీపు క్లబ్బుల కుర్రాళ్లు తమ బళ్లతో జనాన్ని బయటకు తెచ్చారు. అదే ఏడు అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలి, దార్లకు అడ్డంగా చెట్లు పడ్డాయి. అలాంటి రోజున చెట్టును పక్కకు లాగే వించ్, దిగబడ్డ బండిని తీసే తాడు, వాటిని వాడటం తెలిసిన చేతులు ఎంత అవసరమో చూసినవాళ్లకు తెలుసు. క్లబ్బులోని బళ్ల నంబర్లు, డ్రైవర్ల ఫోన్లు తహసీల్దారు ఆఫీసులో, దగ్గరి పీహెచ్‌సీలో ముందే ఇచ్చి ఉంచితే ఖర్చు ఒక్క కాగితం.

ఇంకో పని. మనం తిరిగిన దారి ఎన్ని కిలోమీటర్లు, వాగు ఎక్కడ, ఏ మలుపులో బండి ఆగింది అన్నదంతా మన ఫోన్లలో రికార్డయి ఉంటుంది. మనం దాన్ని స్టేటస్‌లో పెట్టుకుని మురుస్తాం. అదే మ్యాపును, ఫోటోలను ఆ ఊరివాళ్ల అర్జీకి జతచేసి, వాళ్లతో కలిసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సుకు వెళ్దాం. ఎక్కడ కల్వర్టు కట్టాలో, ఎక్కడ రాయి తీయాలో చూపిద్దాం. ఈ మాట క్లబ్బు గ్రూపులో పెట్టాను. ముగ్గురు వస్తామన్నారు. మీలో ఎవరైనా మాతో కలుస్తానంటే చెప్పండి.