కోడిదాణాయు మన కొట్ల బాధ్యతయు

వర్షములు పట్టినతోడనే బ్రాయిలరు కోళ్లను పెంచువారు మన కొట్లకు వచ్చి, తెలుగుననైనను ఒడియాలోనైనను అడుగునది ఒక్కటే: “కోళ్లు పారుతున్నాయి బాబూ, ఏదైనా పొడి ఇవ్వండి.” టికిరిలోను చుట్టుపట్లను మనవారిలో దాణా వర్తకము చేయువారు కలరు గనుక, ఆ పొడిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ తలచితిమి.

బ్రాయిలరు కోడి ఆరు వారములలో రెండు కిలోల తూకమునకు రావలయును. పెంపకపు ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దాణాకే పోవును. ఆ దాణా మాంసమగుట పేగు లోపలి పొరపై ఆధారపడియున్నది. పొరనిండ నూగువలె నుండు సన్నని మొనలు పోషకములను పీల్చుకొనును. చెడు సూక్ష్మజీవులు ప్రబలి ఆ పొర వాచెనా, కోడి తినును గాని ఎదుగదు.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా నుండిన అమెరికాలోని లెడర్లీ సంస్థలోనే ఆరియోమైసిన్ వెలువడినది. 1948లో వారు గతించిరి. ఆ మందు తయారైన పిమ్మట మిగిలిన పిప్పిని మేపినచో కోడిపిల్లలు త్వరగా పెరుగునని 1950 నాటికి ఆ సంస్థవారే తెలిపిరి. రోగుల ప్రాణము నిలుపుటకు పుట్టిన మందు ఈ విధముగా దాణాలో చేరినది. దాని ఫలమేమి? మందునకు లొంగని సూక్ష్మజీవులు పెరిగినవి. స్వీడను 1986లోను, ఐరోపా సమాఖ్య 2006లోను పెరుగుదలకై ఇట్టి మందులను మేపుట మాన్పించెను. మనుష్యులకు కడపటి ఆశగా నున్న కోలిస్టిన్‌ను ఆహారపు జంతువులకు వాడరాదని మన ప్రభుత్వము 2019 జూలైలో శాసించెను.

ఇందుచేతనే మన వంటింటి దినుసులవైపు శాస్త్రజ్ఞుల దృష్టి మరలినది. వాములోని థైమాల్ సూక్ష్మజీవుల పైపొరను ఛేదించును. పసుపులోని కర్క్యుమిన్ వాపును తగ్గించును. వెల్లుల్లిని గూర్చియు పరీక్షలు జరిగినవి. అయినను ఫలితములు అన్నిచోట్ల ఒక్క తీరుగ లేవు. ఘాటు మించినచో కోడి దాణానే ముట్టదు. పసుపు మంచిదే గదా యని గుప్పెళ్లతో చల్లుట తగదు. కిలో దాణాకు 5 గ్రాముల వంతున పలు పరీక్షలలో వాడియున్నారు.

మూలికలు తోడ్పాటు మాత్రమే. షెడ్డులో పరచిన ఊక తడిసినచో రక్తపారుడు కలిగించు కాక్సిడియా అందులోనే బలపడును. బూజుపట్టిన మొక్కజొన్నను ఏ మూలికయు బాగుచేయదు. ఊకను ఆరనిచ్చి, నీటి తొట్లను కడిగి, పిమ్మట పసుపు మాట తలపెట్టవలయును. నెత్తురు పడినచో పశువైద్యుని పిలువవలసినదే. ఆ సమయమున వాము కషాయముతో కాలము గడపుట కోళ్లను చంపుకొనుటయే.

కొట్లవారికి మా విన్నపము: పశువైద్యుని చీటీ లేనిదే యాంటిబయాటిక్ పొడి ఈయకుడు. మనము కాదన్న ప్రక్క కొట్టువాడు ఇచ్చునందురా? అందరము కలిసి కాదనినచో ఆ ప్రశ్నయే యుండదు. సంఘపు రాబోవు సమావేశమున దీనిని చర్చింపవలసియున్నది. మూలికల సీసాలపై ఏ దినుసు ఎంత యున్నదో వ్రాయనిచో వానిని గూడ త్రిప్పి పంపుడు.

పసుపును పొడిగా కొనకుడు. రంగుకై సీసము చేరిన క్రోమేటును కలుపు కల్తీ కలదు. మన సంతలకు కొండలనుండి వచ్చు కొమ్ములు కొని మరపట్టించుటయే మేలు.